తలకిందుల విమానం, ఒక్క గంట

డెబ్బైలలో గోదావరిఖనిలో, గని నుంచి బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపేవాణ్ణి. గంట ఒక్కసారి మోగితే వెంటనే ఇంజను ఆపాలి. చేతికి పట్టిన అలవాటు అది.

రేడియో మెకానిక్ యూసుఫ్ అన్న రేడియోతో నడిచే చిన్న విమానాన్ని రెండేళ్లు కష్టపడి చేశాడు. ఆదివారాలు మైదానంలో, మీటలున్న రేడియో పెట్టె నా చేతికిచ్చి, విమానంతో పల్టీలు కొట్టించడం నేర్పేవాడు.

"తలకిందులున్నప్పుడు పైకి లేపాలంటే మీట ముందుకు నూకాలె. ఎన్నిసార్లు జెప్పాలెరా?"

"చేతికి ఎక్కుతలేదన్నా."

"ముందుగాల నెత్తికెక్కించు!"

ఓ ఆదివారం విమానం మొదటిసారి తలకిందులుగా నిలకడగా సాగింది. "శెభాష్!" అన్నాడు అన్న. అప్పుడే దారిన పోయే సైకిలు గంట ఒక్కసారి మోగింది. నా చెయ్యి దానంతట అదే ఇంజను మీట వెనక్కి లాగేసింది. ఇంజను ఆగిపోయి, తలకిందులుగానే విమానం నేలకు కొట్టుకుని ముక్కలైంది.

"ఏం జేసినవ్‌రా?"

"నేనేం జెయ్యలే. రేడియోనే పనిజెయ్యలే."

అన్న నమ్మాడు. ఆ రేడియోను నెలల తరబడి విప్పి బిగించి, లేని లోపం వెతికి వెతికి విసిగిపోయాడు. "నా పనితనమే సక్కగ లేదు" అని విమానాలే మానేశాడు.

అన్నా, ఈ పేజీ నీ కంటబడితే చదువు. నీ రేడియోలో ఏ లోపమూ లేదు. నేను ఆపమన్న క్షణంలోనే ఆపింది.