బావగారి షాపు పక్క సందు

చైనాలో మాకు చుట్టాలు లేరు. నేను అక్కడి నుంచి కంప్యూటర్ వైర్లు తెప్పించుకోవడానికి అసలు కారణం అదే. చవక కదా అంటారు. చవకంటే నాకేం చేదు కాదు గానీ, అది తర్వాతి సంగతి.

మేం ఉండేది విజయవాడ వన్ టౌన్‌లో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోక తప్పని సందులో. సందు మొదట్లో కంప్యూటర్ సామాన్ల షాపు ఒకటుంది. అది మా బావగారిది, అంటే మా ఆవిడకు స్వయానా అన్నగారిది. వాళ్ళ నాన్నగారి రోజుల్లో అక్కడ చీరల కొట్టు ఉండేది. పెడన నుంచి నేత చీరలు తెచ్చి అమ్మేవారు. ఆయన పోయాక బావగారు ఆ చీరల అరల్లోనే కీబోర్డులు, కేబుళ్ళు, ఫ్యాన్లు సర్దుకుని కూర్చున్నారు. నేనేమో సందు చివరి ఇంట్లో కూర్చుని ప్రెస్సుల వాళ్ళకు కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కట్టి ఇస్తుంటాను. నా కంప్యూటర్‌కి ఏం కావాలన్నా పది అడుగులు వేస్తే చాలు. ఇంతకన్నా సుఖం ఏముంటుంది అనుకుంటారు చూసేవాళ్ళు.

చిక్కల్లా బావగారు నా దగ్గర డబ్బు తీసుకోరు. ఆడపిల్లను ఇచ్చిన ఇంటి నుంచి పైసా పుచ్చుకోకూడదని వాళ్ళింట్లో పట్టింపు. మౌస్ పాడయిందంటే కొత్త మౌస్ చేతిలో పెడతారు. నేను పర్సు తీయబోతే బూతు మాట విన్నట్టు మొహం పెడతారు. మొదట్లో నాకూ హాయిగానే ఉండేది. తర్వాత రోజులు మారాయి. జనం షాపుకొచ్చి వస్తువు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మంచీ చెడ్డా అన్నీ ఆయన్నే అడిగి, అక్కడే నిలబడి ఫోన్లో ఆర్డర్ పెట్టుకుని వెళ్ళిపోవడం మొదలైంది. అరలు పలచబడ్డాయి. అలాంటి షాపులోంచి ఊరికే కేబుల్ తెచ్చుకోవడమంటే, నీళ్ళు ఎక్కుతున్న పడవలోంచి నా వంతు చెక్క నేను ఊడదీసుకున్నట్టు ఉండేది.

పోనీ వేరే షాపులో కొందామా అంటే, వన్ టౌన్‌లో ఈ వ్యాపారం చేసేవాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు తెలుసు. నేను కేబుల్ పట్టుకుని సందులోకి తిరిగేలోపు ఆ కబురు బావగారికి చేరుతుంది. ఇంట్లో షాపు పెట్టుకుని బయట కొన్నాడంటే అంతకు మించిన అవమానం లేదు. మా ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పింది.

"ఏమన్నా చేసుకోండి. అన్నయ్యకి తెలిసిందంటే మాత్రం నేనింక ఆ షాపు ముందు నుంచి నడవలేను."

మా సందుకు రెండో దారి లేదు. కూరలకు వెళ్ళాలన్నా, గుడికి వెళ్ళాలన్నా, డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా ఆ షాపు ముందు నుంచే వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఒక్క నిమిషం ఆగి అన్నగారిని పలకరిస్తుంది. పుట్టింటి వాళ్ళలో ఆవిడకు మిగిలింది ఆయనొక్కరే. కాబట్టి నేనేం చేసినా ఆ ఒక్క నిమిషానికి దెబ్బ తగలకుండా చేయాలి.

అలా నాకు సముద్రం అవతలి దుకాణాలు దొరికాయి. మొట్టమొదట మానిటర్ కేబుల్ తెప్పించాను. నేను ఆర్డర్ పెట్టిన సంగతి పూర్తిగా మరిచిపోయాక, పోస్ట్‌మాన్ తీరిగ్గా తెచ్చి ఇచ్చాడు. బొమ్మలో బారెడు ఉన్నది చేతికి వచ్చేసరికి మూరెడు అయింది. అమ్మినవాడి మీద నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టం లేక, మానిటర్‌నే కంప్యూటర్ డబ్బా దగ్గరికి జరుపుకున్నాను. తర్వాత కుర్చీ జరిపాను, లైటు జరిపాను. కొన్నాళ్ళకు ఆ కేబుల్‌కు తగ్గట్టు గదంతా సర్దుకున్నాను. రాజీపడటం పెళ్ళయిన మగవాడికి ఒకరు నేర్పాలా?

ఆ అమ్మేవాడు మర్యాదస్తుడు. అతని సందేశాలను యంత్రం తెలుగులోకి మార్చి ఇచ్చేది. "ప్రియమైన స్నేహితుడా, మీ వస్తువు సంతోషంగా బయలుదేరింది" అని రాసేవాడు. "మీ సహనం మా గుండెను వెచ్చగా చేసింది" అని రాసేవాడు. మా బంధువుల్లో ఇంత ఆప్యాయంగా నన్ను పలకరించినవాళ్ళు లేరు. పైగా ఇతను డబ్బు తీసుకుంటాడు. తీసుకుని, ఇంకెప్పుడూ నా మొహం చూడడు. చుట్టరికం అంటే ఇలా ఉండాలి అనిపించింది.

ఇంతలో ఎండలు ముదిరాయి. విజయవాడ ఎండ గురించి విజయవాడలో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి నా కంప్యూటర్ కాగిపోయి, ఒక్క మాటైనా చెప్పకుండా ఆగిపోయేది. కట్టిన పేజీలు కట్టినట్టే గాలిలో కలిసేవి. డబ్బా పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. దానికి గాలి, నాకు చెమట. లోపలి ఫ్యాన్ పని అయిపోయింది, కొత్తది వేయాలి. బావగారికి చెబితే క్షణంలో వచ్చి బిగించి వెళతారు, ఆ అరలో ఇంకొక ఖాళీ పడుతుంది. నేను ఆ చైనా స్నేహితుడికే ఆర్డర్ పెట్టాను. నీలం రంగు లైటు, గుండ్రటి రెక్కలు, బొమ్మలో చూస్తేనే చల్లగా ఉంది.

పొరపాటు అక్కడే జరిగింది. మా సందులో ఇంటి నంబరు చెబితే ఆ ఇంట్లో వాళ్ళకు కూడా తెలియదు. మాకు చిరునామా అంటే ఆనవాలు. పాలవాడికైనా, గ్యాసు బండకైనా, శుభలేఖకైనా బావగారి షాపు పేరు చెప్పి, దాని పక్క సందు అంటాం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అందరం అలాగే రాస్తున్నాం. ఆ షాపుకు తెలియకుండా తెప్పించుకునే వస్తువు మీద కూడా నా చెయ్యి అలవాటుగా ఆ షాపు పేరే రాసింది. వైర్లన్నీ పోస్టులో వచ్చాయి కాబట్టి ఇన్నాళ్ళూ గొడవ లేదు, పోస్ట్‌మాన్‌కు నేను తెలుసు. ఫ్యాన్ పెద్దది, అది కొరియర్‌లో బయలుదేరింది. చిన్న చీటీ మీద అన్ని వరుసలు పట్టక, నా పేరు, షాపు పేరు, విజయవాడ మిగిలాయి. తక్కినవన్నీ దారిలో రాలిపోయాయి.

వస్తువు అందినట్టు ఫోన్లో చూపించింది. నాకేమీ అందలేదు. నేను ఆ మాట పైకి అన్నాక మా ఆవిడ మొహం చూసి, అనకుండా ఉండాల్సింది అనుకున్నాను.

సాయంత్రం బావగారే వచ్చారు, చంకలో పార్సిల్‌తో. తన షాపులో ఇచ్చి పోయారని చెప్పి బల్ల మీద పెట్టారు. ఏమిటని అడగలేదు. అడగకపోయినా నేనే, ఒక స్నేహితుడు పంపాడని చెప్పాను. అబద్ధం కాదు, అతను నన్ను మొదట్నుంచీ అలాగే పిలుస్తున్నాడు. బావగారు తల ఊపి, కాఫీ తాగి, కృష్ణలో నీళ్ళు ఎంత తగ్గాయో చెప్పి వెళ్ళిపోయారు. ఆయన గడప దాటాక మా ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. గండం గడిచింది. పార్సిల్ చుట్టూ వెడల్పాటి గోధుమ రంగు టేపు మళ్ళీ వేసినట్టు కనిపించింది గానీ, కస్టమ్స్ వాళ్ళు తెరిచి చూసి ఉంటారులే అనుకున్నాను. నా ఫ్యాన్ మీద ప్రభుత్వాలు కూడా శ్రద్ధ పెట్టాయని కొంచెం గర్వం కూడా వేసింది.

ఫ్యాన్ అద్భుతంగా పనిచేసింది. చప్పుడు లేదు. రోహిణీ కార్తెలో కూడా కంప్యూటర్ ఒక్కసారి ఆగలేదు. ఆ సంతోషం నేను కడుపులో దాచుకోలేకపోయాను. కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నా మాట విని ఒక ప్రెస్సు ఆయన అదే దుకాణంలో అదే ఫ్యాన్ తెప్పించుకున్నాడు. అది తిరగనంటే తిరగనందట. సరిగ్గా ఎంచుకోవడం రాకపోతే అలాగే ఉంటుందని ఆయనకు నచ్చజెప్పాను.

ఆ తర్వాత ఉయ్యూరులో దగ్గర బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తన కంప్యూటర్ కాగిపోతోందని వాపోయాడు. ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. మధ్యలో లాభాలు తినేవాడు లేకుండా ఫ్యాక్టరీ నుంచి నేరుగా మన ఇంటికి వచ్చే సరుకు నాణ్యత గురించి, పులిహోర నుంచి పెరుగు దాకా ఉపన్యాసం ఇచ్చాను. చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు చూస్తే, నా వెనక వరసలో, నా వీపుకు వీపు ఆనించినంత దగ్గర్లో బావగారు కూర్చుని ఉన్నారు. వంచిన తల ఎత్తకుండా భోంచేస్తున్నారు. మా ఆవిడ దూరం నుంచి అది చూసింది. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఏవేవో మాటలు కలిపి ఆయన్ను కదిపి చూసింది. ఆయన చెరుకు తోటల గురించి మాట్లాడారు, నిద్రపోయారు. మైకు గోలలో ఏమీ వినబడలేదని ఇద్దరం నిర్ధారించుకున్నాం.

మళ్ళీ ఎండాకాలం రాబోతుంటే ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులుపుదామని విప్పాను. తడిగుడ్డతో తుడుస్తుంటే, చట్రం మూల, మరమేకు పక్కన, ఎర్రటి చుక్క కనిపించింది. కందిబద్దలో సగం ఉంటుంది. గోళ్ళ రంగు.

ఆ చుక్క మా సందులో ఎవరికి చూపించినా చెబుతారు. బావగారి షాపులో అమ్మే ప్రతి వస్తువు మీదా అది ఉంటుంది. వాళ్ళ నాన్నగారు చీర అమ్మేటప్పుడు లోపలి మూలన ఎర్రదారంతో ఒక్క కుట్టు వేసేవారు. రంగు పోయినా, నేత విడినా, ఆ కుట్టు చూపిస్తే మారుమాట లేకుండా ఇంకో చీర ఇచ్చేవారు. కొడుకు దారం బదులు గోళ్ళ రంగు పెట్టుకున్నారు. చుక్క ఉంటే పూచీ నాది అని అర్థం.

మా ఆవిడ వంటింట్లో ఉంది. ఆవిడకు చూపించలేదు. ఫ్యాన్ చేతిసంచిలో వేసుకుని షాపుకు వెళ్ళాను.

ఒకప్పుడు చీరలు, తర్వాత కీబోర్డులు ఉన్న అర నిండా ఆ రోజు పార్సిళ్ళు ఉన్నాయి. సందులో అందరూ అదే ఆనవాలు రాస్తారు కదా, అందరి వస్తువులూ అక్కడికే వస్తున్నాయి. ఆయన ఒక్కొక్కటీ సంతకం పెట్టి తీసుకుని, పేర్లు కనపడేలా నిలబెట్టి, ఎవరివి వాళ్ళకు ఇస్తున్నారు. తన దగ్గర కొనడం మానేసిన వాళ్ళందరి సామానుకూ ఆయనే కాపలా.

నేను ఫ్యాన్ తీసి బల్ల మీద పెట్టాను, చుక్క పైకి ఉండేట్టు. ఆయన దాన్ని చూసి, సొరుగు లాగి, ఇంకో ఫ్యాన్ తీసి పక్కన పెట్టారు. అదే నీలం లైటు, అవే గుండ్రటి రెక్కలు. ఒక రెక్క విరిగి ఉంది.

"పార్సిల్ చేతిలోకి తీసుకుంటే లోపల గలగలమందండీ. చెల్లాయి ఇంటికి విరిగిన వస్తువు ఎట్టా తెచ్చిచ్చేది? అదే ఫ్యాక్టరీ సరుకు మన దగ్గరా ఉంది గదాని మార్చి పెట్టాను."

అప్పుడే చెప్పొచ్చు కదా అని మాత్రం గొణిగాను.

"ఊరికే తీసుకోవడం మీకు ఇష్టం లేదని నాకు తెలవదా బావగారూ? ఉయ్యూరులో మీరు చెబుతుంటే అంతా విన్నాను. నా సరుకుని అంతగా మెచ్చుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరండీ."

ఆయన ఎత్తిపొడవడం లేదు. నిజంగానే సంతోషంగా చెప్పారు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, ఈ సంగతి చెల్లాయికి చెప్పొద్దని అడిగారు. తనకు తెలుసని చెల్లాయికి తెలిస్తే రేపట్నుంచి తలొంచుకుని పోతుంది, ఇక్కడ ఆగదు అన్నారు.

అంతలో కొరియర్ మనిషి వచ్చి నాలుగు పార్సిళ్ళు దింపాడు. అందులో ఒకటి నాది, ఈసారి కొరియర్‌లో పంపిన కొత్త కేబుల్; చిరునామా మళ్ళీ అలవాటుగా అదే రాశాను. బావగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయ ఊపినట్టు ఊపి చూసి, బాగానే ఉందని నా చేతికిచ్చారు. దానికీ ఒక చుక్క పెట్టండి అన్నాను, నవ్వు తెచ్చుకుని.

"మన దగ్గర కొనని దానికి చుక్క పెట్టనండీ," అన్నారు ఆయన, మెల్లగానే.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. నా చేతిలో పార్సిల్ చూసి కంగారుపడింది.

"అన్నయ్య చూశాడా?"

చూడలేదన్నాను. ఆవిడ కూరల సంచి అందుకుని బయల్దేరింది. నేను గుమ్మంలోనే నిలబడి చూశాను. సందు మొదట్లో ఆవిడ ఎప్పటిలాగే షాపు ముందు ఆగింది. ఆయన అర వైపు నుంచి లేచి వచ్చి ఏదో అన్నారు, ఆవిడ నవ్వింది.