మా కల్లం మీదుగా విమానం

అమ్మకు హైదరాబాదులో కంటి ఆపరేషను జరిగిన ఏడాది నేను నందిగామ బళ్ళో లెక్కలు చెబుతున్నాను. కొన్నాళ్ళపాటు బస్సు కుదుపులు పనికిరావని డాక్టరు గట్టిగా చెప్పడంతో మామయ్య అమ్మకూ తనకూ విమానం టిక్కెట్లు కొన్నాడు. బేగంపేటలో ఎక్కి గన్నవరంలో దిగడమే, గంట ప్రయాణం అని ఉత్తరం రాశాడు. పైనుంచి మన మిరప కల్లం చూస్తుందట, గుర్తుకు ఏదన్నా పరచమంది అని అమ్మ మాట కూడా కింద చేర్చాడు.

అది చదివి నాన్నా నేనూ నవ్వుకున్నాం గానీ లోపల భయంగానే ఉంది. ఆపరేషనుకు ముందు గుమ్మంలో నిలబడ్డ నన్ను అమ్మ గొంతును బట్టే పోల్చుకునేది. కొత్త కళ్ళద్దాలతో ఎంతవరకు కనబడుతోందో మామయ్య ఒక్క ముక్క రాయలేదు.

నేను బోర్డు మీద లెక్క వేశాను. జగ్గయ్యపేట నుంచి నందిగామ పదిహేడు మైళ్ళు, బస్సుకు గంట, విమానానికి ఆరు నిమిషాలు. ఇంటికొచ్చి చెబితే, ఆరు నిమిషాల్లో కండక్టరు టిక్కెట్లు కొట్టడం కూడా అవదని నాన్న ఒప్పుకోలేదు. విమానం పదింటికి బయల్దేరితే పదీ నలభైకల్లా మా నెత్తిమీద ఉంటుందని క్లాసంతటికీ చెప్పాను. కల్లంలో పంచె ఎందుకు పరుస్తున్నామో కూడా చెప్పాను. అక్కడే తప్పు చేశాను.

ఆ రోజు ఇంటి వెనక ఆరబోసిన మిరపకాయల మీద నాన్న తెల్ల పంచె పరిచి, మూలలకు రాళ్ళు పెట్టాం. తీరా చూస్తే చుట్టుపక్కల కల్లాలన్నిటి మీదా పంచెలూ దుప్పట్లూ పరిచి ఉన్నాయి. పెద్దావిడ మా మీదుగా పోతుంటే ఊరుకుంటామా అని వాళ్ళ మర్యాద. నాకు ఒళ్ళు మండింది. ఇన్నింట్లో అమ్మ మాది ఎట్లా పోల్చుకుంటుందని కల్లం కల్లానికీ వెళ్ళి పోట్లాడాను. ఒక్కరూ తీయలేదు సరికదా, మజ్జిగ తాగించి పంపారు. మాదాంతో కలిపి పది లెక్కతేలాయి. కంది కంప దడికి అవతలున్న కల్లానికి మాత్రం వెళ్ళలేదు. కాలువ నీళ్ళ తగాదాలో ఆ ఇంటావిడ అమ్మతో మాటలు మానేసి మూడేళ్ళయింది.

విమానం నా లెక్క కంటే తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నాన్న తలగుడ్డ విప్పి గాలిలో ఊపుతూనే ఉన్నాడు, అది పరిటాల వైపు కనుమరుగయ్యేదాకా. నేనూ చిన్నపిల్లలా గంతులేశాను.

మధ్యాహ్నం దాటాక గన్నవరం నుంచి టాక్సీ మెల్లగా వచ్చి ఆగింది. నేను కావాలనే గొంతు విప్పకుండా నిలబడ్డాను. అమ్మ సోడాబుడ్డి కళ్ళద్దాలు సర్దుకుని నావైపు చూసింది.

"ఏమే, ఇంత చిక్కిపోయావేంటి?"

నాకు ఏడుపు ఆగలేదు. పంచె కనబడిందా అని నాన్న అడిగాడు.

"ఒకటేంటండీ, పదకొండు లెక్కపెట్టా."

పదేనన్నాను. లెక్కల టీచర్ని, ఊరంతా తిరిగి మరీ లెక్కపెట్టినదాన్ని. అమ్మ వినలేదు. మన కల్లానికి ఆనుకునే ఇంకోటి ఉందని, ఇంట్లోకి కూడా రాకుండా కల్లం వైపు నడిచింది. వెంట వెళ్ళి దడి సందులోంచి చూశాను. అవతల ఎర్రటి మిరపకాయల మీద ఉతికిన దుప్పటి, మూలలకు రాళ్ళతో ఉంది.

అమ్మ దడి మీద చెయ్యి వేసి పిలిచింది.

"వదినా, నీ దుప్పటి కనబడింది."

అవతలినుంచి ఆవిడ దడి కంప పక్కకు లాగడం మొదలుపెట్టింది.