టికెట్టు ఉచితం, ఇంధనం అదనం

రాయలసీమ నేల మీద నుంచి ఆకాశానికెగిరిన ఒక వీరుడి మహాగాథ ఇది, అని మొదలుపెట్టాలని ఉంది. కానీ ఇది ఒక టికెట్టు మీద పడ్డ అదనపు రుసుముల కథ. వీరుడు పురుగుమందుల డీలరు. నేను ఆయనకు సగం సమాచారం ఇచ్చిన చిరుద్యోగిని.

1983లో ఒక పురుగుమందుల కంపెనీ నన్ను ఆదోనికి ఫీల్డ్ అసిస్టెంటుగా వేసింది. నాకు పైన సేల్స్ ఆఫీసరు, ఆ పైన కర్నూలులో ఏరియా మేనేజరు ఉండేవారు. నా కింద నా చెప్పులు తప్ప ఏమీ లేవు. పత్తి చేలల్లో తిరగడం, డీలర్ల చేత కంపెనీ సరుకు కొనిపించడం నా పని. ఆ ఏడాది మందు పెట్టెకొక ఎర్ర కూపన్ పెట్టారు. రెండు వందల కూపన్లు పోగైతే హైదరాబాదు నుంచి బొంబాయికి విమాన టికెట్టు ఉచితం. కూపన్లను తెల్లకాగితాలకు అంటించాలి, నేను సరిచూడాలి, మేనేజరు సంతకం పెట్టాలి. అప్పుడొచ్చే టికెట్ ఆర్డరును హైదరాబాదులో విమానాల వాళ్ల కౌంటర్లో ఇచ్చి అసలు టికెట్టు తీసుకోవాలి.

పథకం కాగితం వెనక చీమల బారు లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంధన సర్‌ఛార్జీ, బుకింగ్ రుసుము డీలరే భరించాలని ఉంది. దాన్ని డీలర్లకు చదివి వినిపించడం నా బాధ్యత. నేను ముందువైపు మాత్రమే చదివాను. ముందువైపు బాగుంది, విమానం బొమ్మ కూడా ఉంది.

అందరికన్నా ముందు కూపన్లు పూర్తి చేసింది ఎమ్మిగనూరు డీలరు మహబూబ్ బాషా. దానికొక కారణం ఉంది. మరుసటి వానాకాలంలో వాళ్లమ్మ పెద్దకొడుకుతో కలిసి హజ్ యాత్రకు బొంబాయిలో ఓడ ఎక్కబోతోంది. తీరా ఆ రోజులు వచ్చేసరికి, కాగితాల పనులుంటాయని వాళ్లిద్దరూ పదిహేను రోజుల ముందే వెళ్లిపోయారు. ఓడ కదిలేలోపల ఒకసారి అమ్మ చేయి పట్టుకోవాలని బాషా కోరిక. డెబ్బై దాటిన మనిషి, మళ్లా చూస్తానో లేదో అని ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ కూపన్ల గురించే మాట్లాడాడు.

టికెట్ ఆర్డరుతో వచ్చిన ఉత్తరంలో అసలు సంగతి బయటపడింది. బుధవారం మధ్యాహ్నం పన్నెండులోపు సర్‌ఛార్జీ కట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు పోతుంది. విమానం గురువారం, ఓడ శుక్రవారం.

"ఉచితమని నువ్వే సెప్తివి కదప్పా. మళ్లా ఈ దండగేంది?" అన్నాడు బాషా.

వివరించాను. నూనె ధర పెరిగినప్పుడు విమానాల వాళ్లు ఆ భారాన్ని టికెట్టు ధరలో కలపకుండా విడిగా వసూలు చేస్తారు. కాబట్టి టికెట్టు ఉచితమైనా నూనె ఉచితం కాదు. ఆయనకిది వెంటనే అర్థమైంది. మా వైపు ఎవరి ట్రాక్టరైనా అడిగి తెచ్చుకుంటే బండి వాళ్లది, డీజిల్ మనది. అయితే డీజిల్ మనమే కొని, మన కళ్లముందే పోయిస్తాం. ఆ డబ్బు బండి యజమాని చేతికిచ్చేవాణ్ణి ఊళ్లో అమాయకుడంటారు.

"న్యాయమే. నూనె మనమే పోద్దాం," అన్నాడు. "దేంతో నడుస్తాది విమానం?"

"కిరసనాయిలే అన్నా, కొంచెం శుభ్రమైంది."

సాంకేతికంగా అది పెద్ద తప్పు కాదు. ఆయన కూడా హాస్యానికే అడుగుతున్నాడనుకుని వచ్చేశాను.

మంగళవారం ఆయనకు తోడుగా హైదరాబాదు బస్సెక్కుదామని వెళ్తే, ఎమ్మిగనూరు బస్టాండులో బాషా ఇస్త్రీ చొక్కాతో, అత్తరుతో, ఇరవై లీటర్ల కిరసనాయిల్ డబ్బాతో నిలబడి ఉన్నాడు. శుభ్రమైంది అన్నాను కదా, పంచెగుడ్డతో మూడుసార్లు వడగట్టించాడట. కండక్టరు దాన్ని లోపలికి రానివ్వలేదు. చాలాసేపు బతిమాలాక పైన కట్టించి లగేజీ టికెట్టు కొట్టాడు. ఉచిత ప్రయాణానికి అది మొదటి అదనపు రుసుము.

మర్నాడు పొద్దున హైదరాబాదులో విమానాల వాళ్ల కౌంటరు దగ్గర బాషా ఆ డబ్బాను బల్ల మీద పెట్టి, ఇది మా వాటా అన్నాడు. కౌంటర్లో ఉన్న కళ్లజోడు ఆవిడ డబ్బాను చూసింది, ఎవరు తెమ్మన్నారని అడిగింది. బాషా నన్ను చూపించి, కంపెనీ ఆఫీసరు అన్నాడు. నా సర్వీసులో అడగకుండా వచ్చిన ప్రమోషన్ అదొక్కటే.

సర్‌ఛార్జీ నగదుగానే కట్టాలని, బుకింగ్ రుసుము వేరే అని, పన్నెండుకు కౌంటరు మూస్తామని ఆవిడ చెప్పింది. బాషా జేబులో దుడ్డు ఉంది. కానీ ఒకే విమానానికి రెండుసార్లు నూనె పోసేది లేదని బెంచీ మీద కూర్చున్నాడు. గోడగడియారం పదకొండు దాటింది. అప్పుడు నేను కాగితం వెనకవైపు సంగతి ఒప్పుకున్నాను. కిరసనాయిల్ మాట కూడా వెటకారమేనని చెప్పాను. మేనేజరుకు ఫిర్యాదు రాయమన్నాను, ఉద్యోగం పోతే పోనీ అన్నాను.

బాషా లేచి డబ్బా చేతికెత్తుకున్నాడు.

"నీ ఉద్యోగం పోతే మాయమ్మ ఎక్కే ఓడ నిలబడుతాదా? లెయ్. ఈ నూనె యాడ అమ్ముడుపోతాదో సూడు."

ఆ నెల నగరంలో కిరసనాయిల్‌కు కటకటగా ఉంది. వీధి మలుపులో ఎదురెదురుగా ఉన్న రెండు టీ కొట్లవాళ్లు డబ్బా కోసం పోటీ పడ్డారు. ఇంత తేటగా ఉందేమిటని ఒకడు అనుమానపడితే, ఇది విమానాలకు పోసేదని బాషా చెప్పాడు. ధర ఇంకొంచెం పెరిగింది. ఆ డబ్బు సర్‌ఛార్జీకి సరిపోయింది. బుకింగ్ రుసుము నేను కట్టాను. పన్నెండుకు పావుగంట ముందు టికెట్టు చేతికొచ్చింది.

శుక్రవారం ఓడరేవులో ఆయన అమ్మను కలిశాడు. తిరిగొచ్చాక అడిగితే, ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదని చెప్పాడు. తర్వాత ఈ కిరసనాయిల్ వాసనేందిరా అని అడిగిందట.

ఈ ఉదంతం తర్వాత ఏ పథకం కాగితాన్నైనా వెనకవైపు నుంచే చదివి వినిపించడం అలవాటు చేసుకున్నాను. ముందువైపుకు వచ్చేసరికి డీలర్లు సగం మంది లేచిపోయేవారు. మిగిలినవాళ్లతో తర్వాత తగాదాలు రాలేదు.

ఇకపోతే, ఆదోని స్టేషన్లో బొంబాయి రైలు అప్పుడూ ఆగేది, ఇప్పుడూ ఆగుతుంది. ఎక్కితే మర్నాడు దించుతుంది.