గోడ గుండా పెళ్లిచూపులు

గోల్కొండ కొండ మీది తల్లి మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఉంటే ఈ పూట నాకు చాయ్ పుట్టకుండా పోవుగాక! ఇంతకంటే గట్టి ఒట్టు నా దగ్గర లేదు.

డెబ్బైల నాటి మాట. మాది చందానగర్. నాకు సర్కారు దఫ్తరులో గుమాస్తా కొలువు దొరికింది, పెళ్లొక్కటే తక్కువ. పిల్లది నార్సింగి. గోపన్‌పల్లిలో పంతులమ్మ. గోపన్‌పల్లి అంటే అప్పట్లో బండరాళ్లు, సీతాఫలం చెట్లు, వాటి నడుమ ఒక బడి.

ఇంట్లో చూపులు పెట్టుకుంటే, కుదరకపోయినా ఊరంతా తెలుస్తుంది. అందుకని పెద్దలు ఒక ఉపాయం పన్నారు. రెండు కుటుంబాలూ ఒకే రోజు గోల్కొండ చూడబోవాలి, అక్కడ అనుకోకుండా ఎదురుపడాలి. కుదిరితే సంబంధం, లేదంటే కోట చూసొచ్చినట్టు.

పొద్దున కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఎదురుపడ్డాం. ముందురోజే కలిసి చాయ్ తాగిన ఇద్దరు తండ్రులూ కళ్లు పెద్దవి చేశారు.

"అరె, మీరా! గిట్లొచ్చిన్రేంది?" అన్నాడు మా నాయన.

"పోరగాండ్లు సమాధులు చూస్తమంటే తోలుకొచ్చిన" అన్నాడు పిల్ల తండ్రి. ఆయన తోలుకొచ్చిన వాళ్లలో అందరికంటే చిన్నది పెళ్లికూతురే.

గుమ్మటం నీడలో వాళ్ల జొన్నరొట్టెలు మా వైపు, మా పులిహోర వాళ్ల వైపు అనుకోకుండానే నడిచాయి. అంతా సాఫీగా ఉందనుకుంటుండగా మా నాయన గొంతు పెంచాడు. "కోడలు పిల్ల కొలువు చేసుడేంది? మా వాని జీతం సాలదా?"

పిల్ల చేతిలో రొట్టె ఆగిపోయింది. బడి మానమన్నందుకు అంతకుముందే రెండు సంబంధాలు వద్దనుకున్న పిల్ల అని నాకు తెలుసు. సాయంత్రం వాళ్ల ఎడ్లబండి నార్సింగి దారి పట్టేలోగా నేనొక మాట చెప్పకపోతే ఇది మూడోది. చెప్పేదెలా? మా ఇద్దరి నడుమ వాళ్ల అవ్వ, ఏనుగులు కుమ్మినా తెరుచుకోని కోట తలుపులా కూర్చుంది.

మధ్యాహ్నం కోటలో ఒక కమాను గదికి చేరాం. "ఈ మూలకు గోడ దిక్కు మొహం పెట్టి గుసగుసలాడితే ఆ మూలకు వినొస్తది సాబ్. నడుమ ఉన్నోళ్లకు ఏం వినరాదు" అన్నాడు కోట చూపించేవాడు.

పిల్ల ఎదుటి మూలకు నడవటం చూశాను. నేను ఈ మూలకు పరుగెత్తి, గోడకు మొహం ఆనించి, "నేను నచ్చిన్నా?" అన్నాను.

"నచ్చినవ్ బిడ్డా. నౌకరీ పక్కాదేనా?" అంది గోడ.

మోకాళ్ల నొప్పితో అవ్వ ముందే పోయి ఆ మూలకు ఆనుకుంది!

"ప... పక్కాదే అవ్వా."

"గట్లైతే జర ఆగు. పిల్లను నిలబెడత."

కాసేపటికి సన్నటి గొంతు వచ్చింది. "నా బడి బంద్ చేయమంటరా?"

మా నాయన గది నడుమ నిలబడి వియ్యంకుడికి ఫిరంగుల సంగతులు చెబుతున్నాడు. నేను గోడతో అన్నాను: "నీ బడి ఆగదు. రోజూ సైకిల్ మీద నేనే దింపుత. మా నాయనతోని నేను మాట్లాడుకుంట. నువ్వు ఫికర్ చేయకు." పై కప్పులో పావురాలన్నీ చప్పట్లు కొట్టినట్టు లేచాయి.

కోట దిగేటప్పుడు అవ్వ మా నాయనను ఆపింది. "మా పిల్ల బడి ఆపనని మీ పోరడు మాటిచ్చిండు."

"ఎప్పుడిచ్చిండు? నేను నడుమనే ఉన్న గద!"

సంగతి చెబితే నమ్మలేదు. అంత ఎత్తూ మళ్లీ ఎక్కి, ఒక మూలన నన్ను నిలబెట్టి, రెండో మూలన తానే చెవి ఆనించాడు. "నాయనా, బడి ఉండనీ" అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "వారెవ్వా! మళ్లొక్కసారి అను!" మళ్లీ అన్నాను. తనివి తీరా విని, "ఉండనీ తీయ్" అన్నాడు.

ఇప్పుడు ఒట్టు సంగతి. చాయ్ తాగకుండా నేనుండలేను కాబట్టి చెప్పేస్తున్నాను. అవ్వ నిజం, మా నాయన నిజం. సైకిలూ, పావురాలూ, ఆ పొడుగాటి జవాబూ నా కల్పన. పిల్ల అడిగినప్పుడు మొహం ఇంకా గట్టిగా ఆనించాను. గోడకు చెప్పగలిగింది ఒకటే: "ఊహూఁ."

అది చాలిందట, పెళ్లికి ఒప్పుకుంది. సోమవారం యథాప్రకారం బడికి పోయింది.