మా అత్తా, నా ఆపరేషనూ, ఆసనాలూ

పెళ్ళిళ్ళకు పోయినప్పుడు మా అత్త నన్ను ముందు నడిపించి తాను వెనక నడిచేది. ప్రేమ కొంత, గర్వం మిగతాది. ఆమె కోసిగి దిక్కు మెట్టపొలాల మనిషి. ఆ ఊళ్ళలో కోడలు లావుగా ఉందంటే ఆ ఇంట్లో గింజలకు కొరత లేదని అర్థం. నేను తలుపు పట్టనంత లావు కాదు గాని, తలుపు దగ్గర ఆగి ఆలోచించాల్సినంత లావు. ఎవరైనా నా ఒంటి మాట ఎత్తితే నాకు కోపం ముక్కు మీదికి వచ్చేది. అత్తకు మాత్రం అది పొగడ్తలాగే వినబడేది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయనకు అక్కడ గుమాస్తా పని వచ్చింది. కట్టడాలు చాలక ఆయన ఆఫీసు గుడారంలో, అత్తతో కలిసి మా కాపురం రెండు గదుల అద్దె ఇంట్లో. రెండో కాన్పు తర్వాత నా బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేచింది. దగ్గితే పెద్దదయ్యేది, పడుకుంటే లోపలికి పోయేది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నొక్కి చూసి, కడుపు కండ చీలి పేగు తోసుకొస్తోందని చెప్పింది.

"కోసి కుట్టాల్సిందేనమ్మా. ఆ పేగు ఇరుక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది. కానీ ఇంత కొవ్వు మీద కుట్లు నిలవవు, మత్తు ఇస్తే ఊపిరి అందదు. ఆరు నెలల్లో నలభై పౌండ్లు తగ్గి రా" అంది. బరువులు ఎత్తొద్దని, మెల్లగా ఊపిరి సాధన, కాళ్ళూ నడుమూ కదిలించే ఆసనాలు చేయమని చెప్పి పంపింది. చంకలో ఒకటి, కొంగు పట్టుకుని ఒకటి, ఇద్దరు పిల్లలు. నాకు నిజంగా భయం వేసింది.

ఆసనాలు నేర్పేదెవరు? హైస్కూలు డ్రిల్లు మేస్టరుకు బాగా వచ్చని పేరు. మగమనిషి ముందు నేను పడుకుని కాళ్ళెత్తేదెట్లా? పెళ్ళాం బొడ్డు సంగతి బయట చెప్పడానికి మా ఆయనకు నోరు రాలేదు. అందుకని తనకే కావాలని చెప్పి సాయంత్రాలు పోయి నేర్చుకుని వచ్చేవాడు. మా ఆయనేమో చీపురుపుల్ల. మేస్టరు మొదటి రోజే, "నీకెందుకప్పా ఇవి? ఉండే నాలుగెముకలూ అరిగిపోతాయి" అన్నాడట.

పొద్దున్నే చాప మీద ఆయన చేసి చూపితే నేను చేసేదాన్ని. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డును వెన్నెముక వైపు లాక్కోవడం అందులో ఒకటి. ఈమధ్య మా మనవరాలు పిలాటిస్ అని ఏదో కొత్తరకం కసరత్తు గొప్పగా చేసి చూపిస్తే నాకు నవ్వాగలేదు. అచ్చం అదే. ఆయన నా నెత్తిన నిలబడి "పీల్చు, వదులు" అంటుంటే నాకు ఒళ్ళు మండేది. పీల్చమన్నప్పుడే పంతానికి వదిలేదాన్ని.

నెల తిరిగాక ఆస్పత్రి తూకం ఎక్కితే రెండు పౌండ్లు పెరిగాను. "నీ ప్రాణం నీకు వద్దా?" అని డాక్టరమ్మ కసిరింది. దారి పొడుగునా ఏడ్చాను. మజ్జిగ, ఆకుకూర, పిడికెడు సంగటితో సరిపెట్టుకుంటుంటే ఇదేం అన్యాయం?

మర్నాడు మధ్యాహ్నం బిడ్డకు పాలిచ్చి వంటింట్లోకి పోతే, అత్త రాగిసంగటి కెలుకుతూ గరిటెడు నెయ్యి వంపుతోంది. నన్ను చూసి నేతిగిన్నె కొంగు కింద దాచింది. నెలగా రోజూ జరుగుతున్నది అదే. నిజం చెప్పాలంటే, ఆ సంగటి అంత కమ్మగా ఎందుకుందో నా నాలుకకు తెలుసు. తెలిసీ తిన్నాను. నా తప్పు కూడా కలిపి ఆమె మీదే అరిచాను.

"నన్ను సంపాలనుకున్నావా అత్తా? నేను పోతే ఈ పిల్లోళ్ళను ఎవురు సాకుతారు?"

మాటకు మాట చెప్పే మనిషి, ఆ రోజు గరిటె పక్కన పెట్టేసి గోడకు ఆనుకుని కూచుంది.

"నీ మొగుని ఎనక పుట్టిన బిడ్డ ఒగితి ఉండె. ఆ పాత కరువులో, గంజి పోసే కాడ నిలబడి నిలబడి, నా కండ్ల ముందరే సన్నబడ్య. రోజూ ఆ బిడ్డ చెయ్యి పట్టి సూస్తాంటి, ఈ పొద్దన్నా రవంత ఒళ్ళు పట్టిందేమోనని. సన్నబడినోళ్ళెవురూ నాకు దక్కల్యామ్మే. తగ్గల్లని డాక్టరమ్మ అంటే నాకెట్ల నమ్మకం?"

ఆ బిడ్డ సంగతి నాకు అంతవరకు తెలియదు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె పక్కనే కూలబడి, ఆమె చెయ్యి తీసి నా కడుపు మీద పెట్టుకుని దగ్గాను. అరచేతి కింద ఆ ఉబ్బు లేవగానే అత్త ఉలిక్కిపడింది. "ఓయమ్మా, ఇంత ఉండాదా!" అంది.

ఆ పూట నుంచే నెయ్యి ఆగిపోయింది. మా ఆయన్ను "నువ్వు పోయి ఆఫీసు సూసుకోపో" అని తరిమేసి, తానే చాప పక్కన కూచునేది. నేను ఊపిరి వదిలితే తానూ వదిలేది. ఆమె దగ్గర నాకు పంతం రాలేదు. ఆరు నెలల మాట ఎనిమిదయింది గాని, చివరికి డాక్టరమ్మ సరేనంది.

ఆపరేషనయ్యాక చూడవచ్చిన చుట్టాలు కదలొద్దన్నారు, కడుపు బిగించి కట్టమన్నారు. డాక్టరమ్మేమో రెండో రోజే కాళ్ళు ఆడించు, లోతుగా పీల్చు అంది. కుట్లు తెగుతాయని నేను ఊపిరి సగంలోనే ఆపేసేదాన్ని. ఛాతీలో కఫం చేరి జ్వరం వచ్చింది. అప్పుడు అత్త నా కడుపు మీద దిండు పెట్టి, రెండు చేతులతో అదిమి పట్టింది.

"నేను పట్టుకోనుండా గదా, ఎట్ల తెగుతాయి? ఊ, పీల్సు."

నేను పీల్చేదాకా ఆమె తన ఊపిరి బిగబట్టి చూసేది. ముసలామెను చంపుతానేమోనని భయపడి పీల్చేదాన్ని. మూడు రోజులకు జ్వరం దిగింది.

కుట్లు విప్పిన రోజు వేడినీళ్ళలో గుడ్డ తడిపి నా ఒళ్ళు తుడిచింది. భుజం దాటి కిందికి వచ్చిన చెయ్యి నా పక్కటెముకల దగ్గర ఆగిపోయింది. తగ్గిన బరువుకు జ్వరం కూడా తోడై, తడిమితే ఎముకలు తగులుతున్నాయి. ఆమె మొహం చూసి నాకు అర్థమయింది. ఆ చెయ్యి అక్కడే అదిమి పట్టుకుని, ఎంత లోతుగా చేతనైతే అంత లోతుగా పీల్చి వదిలాను.

"సన్నబడినా గాని ఉండా గదా అత్తా. యాడికీ పోలే, సూడు" అన్నాను.

గుడ్డ నీళ్ళలో పడేసి, నా మెడ పట్టుకుని అత్త బావురుమంది. వార్డులోని వాళ్ళంతా మా వైపు తిరిగి చూశారు. కరువులో పోయిన చెల్లెలి కోసం తన తల్లి ఏడవగా అంతవరకు ఎప్పుడూ చూడలేదని ఇంటికొచ్చాక మా ఆయన చెప్పాడు.