మిరపకాయల మీదికి తోసేసిన జ్వరం

బెండ విత్తనం నాటడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వేలితో చిన్న గుంట చేసి, విత్తనం వదిలి, మట్టి కప్పాలి. ఆ రోజు ఉదయం నేను వదిలిన విత్తనాలు గుంటల్లో తప్ప మడి అంతటా పడ్డాయి. ఒకటి నా చెప్పులో దొరికింది. ఒకటి గట్టు దాటి రూబేను వంగ మొక్కల మధ్యన పడి మొలిచింది. ఆ బెండ మొక్క ఎవరిదన్న విషయం మీద మేమిద్దరం దేశ సరిహద్దుల స్థాయిలో చర్చలు జరిపాం.

చెయ్యి వణుకుతోంది. నాకది కొత్త. అద్దంకిలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు నా దగ్గరికి వస్తాయి. వాటి కడుపులో రాగితీగ చుట్ట మీద చుట్ట పేర్చడమే నా పని. దోమకు లంగోటీ కట్టమన్నా కట్టగల చేతులని నా గురించి నేనే ఊరంతా ప్రచారం చేసుకున్నాను. అలాంటి చేతుల్లోంచి బెండ విత్తనం జారిపోయింది.

"ఏరా, విత్తనాలకు చలేస్తుందని నువ్వు వణుకుతున్నావా?" అన్నాడు పక్క మడిలోంచి రూబేను. వాడు నా చిన్ననాటి స్నేహితుడు. ట్రాక్టరు నడుపుతాడు. మామూలుగా మాట్లాడినా నడుస్తున్న ట్రాక్టరు చప్పుడు మీదుగా అరిచినట్టే ఉంటుంది.

ఈ మడుల సంగతి ముందు చెప్పాలి. మా చర్చి వెనక తుమ్మ చెట్లు మొలిచి, పాములు కాపురాలు పెట్టిన ఖాళీ స్థలం ఒకటి ఉండేది. పాస్టరు అయ్యగారు దాన్ని బాగు చేయించి, బోరు వేయించి, మడులుగా విడగొట్టి కావలసినవాళ్లకు ఇచ్చారు. అద్దె లేదు. మొదటి కాపు మాత్రం కోత పండుగనాడు చర్చికి తేవాలి. ఆరాధన అయ్యాక దాన్ని అక్కడే వేలం వేస్తారు. ఎవరి కాయకు ఎక్కువ పాట వస్తే వాళ్లు మళ్లీ పండుగ దాకా మెడ వంచకుండా నడుస్తారు. మా వీధిలో ఒకాయన గుమ్మడికాయ అలా గెలిచింది. ఆయన ఇప్పటికీ అందరినీ పైనుంచే చూస్తాడు.

నేనూ సొర, బెండ, దోస, పుచ్చ పెట్టాను. ఆ ఏడాది నాలో వచ్చిన హుషారు మామూలుది కాదు. కోడి కూయకముందే లేచి, కోడిని లేపి, మడికి పోయేవాణ్ణి. తవ్విన చోటే మళ్లీ తవ్వేవాణ్ణి. ఇంకాస్త తవ్వితే బంగాళాఖాతం ఊరేదేమో. షాపులో కూర్చుంటే కాళ్లు కూర్చునేవి కావు. పడుకుంటే గుండె పడుకునేది కాదు. ఫిబ్రవరిలో జనం దుప్పట్లు కప్పుకుంటుంటే నేను ఫ్యాన్ కింద చెమటలు కక్కేవాణ్ణి. ఆకలి సంగతి చెప్పకూడదు. ఇంట్లో వాళ్ల కంచాల వైపు చూస్తే వాళ్లు కంచాలు పక్కకు జరుపుకునేవాళ్లు.

అంత తిన్నా ఒళ్లు మాత్రం కరిగిపోతోంది. మడుల దగ్గర అందరూ మెచ్చుకున్నారు. "వ్యవసాయం పట్టిందంటే కొవ్వు ఇట్టా దిగాల" అని ఒకరు, "ఆ చురుకు చూడు" అని ఒకరు. జబ్బును ఇంతమంది పొగడటం నేనెక్కడా చూడలేదు. నా భార్య సుగుణ ఒక్కతే పొగడలేదు. నా చొక్కా ఇస్త్రీ చేస్తూ ఒకరోజు ఆగిపోయింది.

"ఈ చొక్కా ఎవరిదండీ?"

"నాదే కదా."

"మరి ఇందులో ఉండాల్సిన మనిషేడండీ?"

నేను నవ్వాను. తను నవ్వలేదు. సాయంత్రం నన్ను ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన ఈసీజీ తీయించారు. కాగితం మీద గీతలు గొర్రెల మందలాగా ఒకదాని మీద ఒకటి పడి పరుగెడుతున్నాయి. "గుండె బాగానే ఉంది. కానీ దాన్నెవరో తరుముతున్నారు. థైరాయిడ్ చూపించండి" అన్నారు.

"థైరాయిడ్ ఆడవాళ్లకు కదండీ వచ్చేది?" అన్నాను.

"ఆ సంగతి మీ థైరాయిడ్‌కు ఎవరూ చెప్పలేదేమో" అన్నారాయన.

గుంటూరులో ఎండోక్రినాలజిస్టు దగ్గరికి వెళ్లాం. డాక్టరమ్మ మెడ తడిమి చూసి, నా రెండు చేతులూ ముందుకు చాపమని, వాటి మీద ఒక కాగితం పెట్టారు. ఆ కాగితం గాలికి పెట్టిన జెండాలా కొట్టుకుంది. రక్తం తీశారు. థైరాయిడ్ స్కాన్ చేశారు. టీ త్రీ, టీ ఫోర్ ఆకాశంలో ఉన్నాయి. టీఎస్‌హెచ్ పాతాళంలో ఉంది.

"గ్రేవ్స్ డిసీజ్" అన్నారు. "మీ గొంతులో ఉన్న గ్రంథి ఒళ్లంతటికీ వేగం చెబుతుంది. ఇప్పుడది ఎవరి మాటా వినకుండా పరుగెత్తమంటోంది. ఇలాగే వదిలేస్తే గుండె అలసిపోతుంది."

అది నాకు వెంటనే అర్థమైంది. బోరులో నీళ్లు అయిపోయినా మోటారు ఆపకపోతే ఏమవుతుందో, అలాంటివాటిని విప్పి చూసే నాకు వేరే చెప్పాలా? కాలిన తీగ వాసన నా ముక్కుకు వచ్చింది. నేను మోటార్లకు కొత్త తీగ చుట్టగలను. నాకు ఎవరు చుడతారు?

కార్బిమజోల్ అనే మాత్ర రాశారు. గుండె దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ రాశారు. లేవబోతుంటే డాక్టరమ్మ కూర్చోమన్నారు. "ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. చాలా తక్కువమందికి ఈ మాత్ర తెల్ల రక్తకణాలను పడగొడుతుంది. గొంతు నొప్పి గానీ, జ్వరం గానీ, నోట్లో పుళ్లు గానీ వస్తే మాత్ర ఆపేసి అదే రోజు సీబీసీ అనే రక్తపరీక్ష చేయించాలి. రేపు చూద్దాం అనొద్దు." నేను తల ఊపాను. అప్పట్లో నా తల నేను ఊపకపోయినా ఊగేది.

మాత్రలు పని చేశాయి. చెయ్యి కుదురుకుంది. తీగ చుట్టగలిగాను. మడిలో సొరపాదు పందిరెక్కి, పందిరి చాలక పక్కనున్న కరెంటు స్తంభం మీద కన్నేసింది. పుచ్చకాయలు ఆకుల కింద దాక్కున్న పందిపిల్లల్లా బలిశాయి. ఒక సొరకాయ అయితే నా తొడంత లావు అయింది. నా పాత తొడ సంగతి అంటున్నాను. కోత పండుగకు దాన్నే తీసుకెళ్లాలని రోజూ పోయి దాని పక్కన నిలబడి వచ్చేవాణ్ణి.

మార్చి నెల చివర్లో గొంతు నొప్పి మొదలైంది.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక ముక్క చెప్పాలి. మార్చిలో గొంతు మండకపోతే మావాళ్లు ఆ మనిషిని అనుమానంగా చూస్తారు, ఏ ఊరివాడో అని. చర్చి స్థలం గోడకు అవతలే మిరప కళ్లం ఉంది. కాయలు ఆరబోసి, ఎండాక తాలు కాయలు ఏరి, బస్తాలకు తొక్కుతారు. ఆ ఘాటుకు గోడ మీద కాకులు కూడా దగ్గుతాయి. ఊరంతా తుమ్ముతుంది, కళ్లు తుడుచుకుంటుంది, మజ్జిగ తాగుతుంది. ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. గొంతు నొప్పికి మా దగ్గర పుట్టుకతో వచ్చిన కారణం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"గొంతు గరగరలాడుతోందిరా" అన్నాను రూబేనుతో.

"నాది బాగుందనుకున్నావా? తేజ రకం మిరపకాయ రా, అవతల ఆరబోసింది. పండుగైపోయిందాకా ఇంతే."

మరునాటికి ఒళ్లు కాలింది. ఎండలో తిరిగానుగా, ఎండదెబ్బ అనుకున్నాను. సుగుణ నుదుటి మీద చెయ్యి పెట్టింది. "డాక్టరమ్మ ఏం చెప్పిందో గుర్తుందా మీకు?"

"ఆవిడ ఏసీ గదిలో కూర్చుని చెప్పింది. కళ్లం పక్కన మడి ఉందని ఆవిడకేం తెలుసు?"

"రేపు పొద్దున్నే పోదాం."

"రేపు పండుగ. సొరకాయ ఇచ్చేసి పోదాం."

మాత్ర మాత్రం మానలేదు. జ్వరం వచ్చింది కదా, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలని వేళకు వేసుకున్నాను. ఆపాల్సిన దాన్నే శ్రద్ధగా మింగాను.

కోత పండుగనాడు షామియానా కింద నిలబడి, ఏప్రిల్ మొదటి ఎండలో పళ్లు టకటకలాడుతుంటే, సొరకాయను చంటిబిడ్డలా ఎత్తుకున్నాను. వేలం మొదలైంది. రూబేను పాట పెంచుతున్నాడు. నేనేమీ వినడం లేదు. ఉమ్మి మింగుతుంటే గాజు పెంకులు దిగుతున్నట్టుంది. సుగుణ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా దవడ పట్టుకుంది.

"నోరు తెరవండి."

"ఇక్కడా?"

"తెరవండి."

ఫోను లైటు వేసి నా నోట్లోకి చూసింది. వేలం ఆగింది. నా సొరకాయను చూడటానికి వచ్చిన జనమంతా నా కొండనాలుకను చూశారు. సుగుణ లైటు ఆపేసింది. "తెల్లగా ఉంది లోపలంతా. రూబేనన్నా, బండి తీయి" అంది. తన గొంతులో అంత నిదానం నేనెప్పుడూ వినలేదు. అందుకే భయమేసింది.

గుంటూరులో రక్తం తీసుకున్నారు. రిపోర్టు చేత్తో పట్టుకుని డాక్టరమ్మ స్వయంగా మంచం దగ్గరికి వచ్చారు.

"ఎప్పటి నుంచి గొంతు నొప్పి?"

"మిరప ఘాటండీ. మా మడి పక్కన కళ్లం..."

"నేనూ గుంటూరులోనే పుట్టానండీ. మా ఇల్లు మిర్చి యార్డు దగ్గరే. ఘాటుకు గొంతు మండుతుంది, దగ్గు వస్తుంది. జ్వరం రాదు." కాగితం సుగుణ వైపు తిప్పారు. "అగ్రాన్యులోసైటోసిస్ అంటారు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ దాదాపు సున్నా. ఇప్పుడు చిన్న క్రిమి కూడా ఈయనకు పెద్దదే. ఇంకా ఆలస్యం చేసుంటే నేను వేరే మాటలు చెప్పాల్సి వచ్చేది."

దేన్నయినా పదింతలు చేసి చెప్పే నాకు ఆ సున్నాను ఏం చేయాలో తెలియలేదు. పదితో గుణించినా అది సున్నాగానే ఉంది.

ఐసొలేషన్ గదిలో పెట్టారు. నరాల్లోకి యాంటిబయాటిక్స్, కణాలు పెరగడానికి చర్మం కింద ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్లకు నడుం ఎముకలు లోపల్నుంచి ఎవరో పారతో తవ్వుతున్నట్టు లాగాయి. సుగుణ మాస్కుతో గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది. కౌంట్ రిపోర్టు వచ్చే వేళకు తన చేతులు ఒడిలో బిగుసుకునేవి. పెరగలేదు. మర్నాడూ పెరగలేదు. నాకు ఒక్క జోకూ తట్టలేదు. నేను నోరు మూసుకుని ఉండటం చూసి సుగుణకు దడ పుట్టింది. "ఏదో ఒకటి వాగండి" అంది. "ఏం వాగను?" అన్నాను.

రూబేను ఒకరోజు నా మడిలోంచి పెద్ద పుచ్చకాయ భుజాన పెట్టుకుని వచ్చాడు. పచ్చి కూరలు, పండ్లు, పూలు, మట్టి అంటుకున్నదేదీ లోపలికి రాకూడదని సిస్టరు మెట్ల దగ్గరే ఆపేసింది. వాడు గేటు బయట కూర్చుని దాన్ని కోసి, నాకు ఫోను చేశాడు.

"ఎర్రగుందిరా లోపల. ఒట్టి చక్కెర. వింటున్నావా?"

"ఒరేయ్, నా కాయ రా అది."

"నువ్వు బయటికి రా, ఇంకోటి కోద్దాం. రాకపోతే అన్నీ నేనే తింటా. ఆలోచించుకో."

వాడి నోట్లో పుచ్చకాయ నములుతున్న చప్పుడు చాలాసేపు విన్నాను. ఫోను పెట్టేయబోతుంటే వాడి గొంతు ఒక్కసారి తగ్గింది. తేజ కాయ ఘాటని నాకు చెప్పింది తనే కదా అన్నాడు. నేను మాట మార్చాను.

చివరికి కౌంట్ కదిలింది. డాక్టరమ్మ గుమ్మంలోంచే బొటనవేలు చూపించారు. సుగుణ లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆ జాతి మాత్ర నాకిక జీవితంలో పనికిరాదన్నారు. థైరాయిడ్ మళ్లీ తరమడం మొదలుపెట్టింది కాబట్టి, దడ మాత్రతో నెట్టుకొచ్చి, ఒళ్లు కోలుకున్నాక ఆ గ్రంథిని లోపల్నుంచే కాల్చేసే రేడియో అయోడిన్ ఇచ్చారు. ఒక క్యాప్సూల్, ఒక గ్లాసు నీళ్లు, అంతే. ఇంత నాటకం ఆడిన జబ్బు ఇంత చిన్న గోళీతో దిగిపోవడం నాకు అవమానంగా తోచింది. పసిపిల్లలకూ గర్భిణులకూ కొన్నాళ్లు దూరంగా ఉండమన్నారు. రూబేనుకు కూడా దూరంగా ఉండొచ్చా అని అడిగాను. అది మా ఇష్టమన్నారు.

ఇప్పుడు నా గ్రంథి దాదాపు పని మానేసింది. దాని బదులు రోజూ పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర వేసుకుంటాను. అది జీవితాంతం. ఒళ్లు నిండింది, చొక్కాలో మనిషి దొరికాడు. ఈ వసంతంలో మళ్లీ మడి పట్టాను. నిజం చెప్పాలంటే నిరుటి కాపులో సగం కూడా లేదు. నిరుడు మడి తవ్వింది నేను కాదు, నా జబ్బు. ఇప్పుడు ఒక సాలు తవ్వి గట్టు మీద కూర్చుంటాను. కూర్చోగలుగుతున్నాను. బెండకాయలు నెమ్మదిగా కాస్తున్నాయి, నాకూ తొందర లేదు. అయితే లోపలెక్కడో ఒక కంగారు మిగిలింది. గొంతులో కాస్త గరగరలాడినా సుగుణ ఫోను లైటు తీస్తుంది. నేను నోరు తెరుస్తాను. కోత పండుగైనా సరే, జనం ఉన్నా సరే.

చదివేవాళ్లలో ఎవరైనా కార్బిమజోల్ వాడుతుంటే నేను చెప్పేది ఇదొక్కటే. గొంతు నొప్పి గానీ జ్వరం గానీ నోట్లో పుళ్లు గానీ వస్తే ఆ పూట మాత్ర వేసుకోకుండా, ఆ రోజే పోయి సీబీసీ చేయించి, మీ డాక్టరుకు ఫోను చేయండి. కౌంట్ బాగుందని తేలితే, మిరపకాయల్ని తీరిగ్గా సాయంత్రం తిట్టుకోవచ్చు.