శనివారమని చెప్పాను

నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు అనే మాట దానికి సరిపోదు. బరువైతే ఎక్కడో ఒకచోట దించి, భుజం తడుముకుని, మళ్ళీ ఎత్తుకోవచ్చు. ఇది అన్నంలో రాయి లాంటిది. ప్రతి ముద్దలోనూ తగులుతుందేమోనని నములుతూనే ఉండాలి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి. “ఇంతేనా, పాటల కచేరీయే కదా, పిల్లలు మరిచిపోతారు” అనబోతున్నట్టయితే ఇక్కడే ఆపేయండి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ ఒళ్ళు మండింది.

కెనడాలో, టొరంటోకి దగ్గరి గ్వెల్ఫ్‌లో కూతురి ఇంట్లో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కారు ఇన్సూరెన్సు ఎప్పుడు కట్టాలో, ఎవరి పాస్‌పోర్టు ఏ నెలతో అయిపోతుందో ఈ ఇంట్లో నన్నే అడుగుతారు. పండుగలూ తిథులూ అయితే చెప్పనక్కర్లేదు. నేను చెప్పిందే తేదీ. ఆ తర్వాత ఎవరూ ఫోన్ తీసి చూసుకోరు. అంత నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక పిల్ల గొంతు నొక్కాను.

తిథి సంగతి కొంచెం చెప్పాలి. ఇండియాలో ఒక తిథి శనివారం వచ్చిందంటే ఇక్కడా శనివారమే రావాలని లేదు. తద్దినానికి మధ్యాహ్నం దాటాక ఏ తిథి ఉందో చూస్తారు. అక్కడి మధ్యాహ్నానికి ఇక్కడ ఇంకా తెల్లవారదు కాబట్టి, చాలాసార్లు ఇక్కడ ఒక రోజు ముందే వస్తుంది. కొందరు ఇండియా తేదీనే పట్టుకుంటారు. వాళ్ళది తప్పని నేననను. మా ఇంట్లో మాత్రం మావారు ఈ దేశం వచ్చిన ఏడాదే తేల్చేశారు. “ఎక్కడుంటే అక్కడి సూర్యుడే మనకి లెక్క” అన్నారు. తన అమ్మానాన్నల తద్దినాలు అలాగే పెట్టారు. ఆ మాటకి ఆయన ఉన్నన్నాళ్ళూ తిరుగులేదు.

నా మనవరాలిని ఇక్కడ చిన్ని అంటాను. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. కొరియాలో ఐదుగురు కుర్రాళ్ళు కలిసి పాడుతూ ఆడే బృందం ఒకటుంది, వాళ్ళంటే దానికి ప్రాణం. ఆ అభిమానుల్లో ఒక ఆచారం ఉంది. పాట మొదట్లో గొంతులు లేకుండా సంగీతం ఒక్కటే నడిచే చోట, వినడానికి వచ్చినవాళ్ళందరూ ఐదుగురి పేర్లూ వరసగా, తాళం తప్పకుండా అరవాలి. ఏ పేరు తర్వాత ఏ పేరో, ఎక్కడ ఆగాలో ముందుగా సాధన చేసుకుని వెళతారు. మనవాళ్ళు గోవిందలు కొట్టినట్టే అనుకోండి.

మావారికి ఊపిరితిత్తుల జబ్బు. చివరి ఏడాదంతా మంచం, సోఫా, మళ్ళీ మంచం. గట్టిగా ఊపిరి పీల్చి వదలమని నర్సు చెప్పి వెళ్ళేది. నేను చేయించబోతే విసుక్కునేవారు. చిన్ని స్కూలు నుంచి వచ్చి పాట పెట్టగానే మాత్రం లేచి కూర్చునేవారు. ఆ అభిమానులు చేతిలో ఊపే వెలుగు కర్ర ఒకటి ఉంటుంది, అది పట్టుకుని మనవరాలితో సమానంగా ఐదు పేర్లూ అరిచేవారు. మూడో పేరు దగ్గర దగ్గు వచ్చి ప్రతిసారీ వెనకబడేవారు. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

“వాళ్ళు టొరంటో రానీవే, నేనే తీసుకెళ్తా నిన్ను. ఆక్సిజన్ సిలిండర్‌కి కూడా టికెట్ కొందాం” అనేవారు.

ఆయన ఆశ్వయుజ మాసంలో పోయారు. మరుసటి ఏడాది ఆ కుర్రాళ్ళు దేశదేశాలూ తిరుగుతూ కచేరీలు పెట్టారు. టొరంటో కూడా వచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్కరుగా సైన్యంలో చేరాలట, ఆ దేశంలో మగపిల్లలకు అది తప్పదట. మళ్ళీ ఎప్పుడు కలిసి పాడతారో, అసలు పాడతారో లేదోనని పిల్లలందరికీ బెంగ. చిన్నికి టికెట్ దొరికింది. దాని స్నేహితురాలు మికాకి పక్క సీటు. కచేరీ శనివారం సాయంత్రం.

నేను సంవత్సరీకం తేదీ చూశాను. ఇక్కడి లెక్కకి శుక్రవారం. ఇండియా లెక్కకి శనివారం.

అంటే ఏ అడ్డూ లేదు. శుక్రవారం తాతకు పెట్టి, శనివారం మనవరాలు కచేరీకి వెళ్ళొచ్చు. ఎవరో సర్దిపెట్టినట్టే ఉంది. ఆ సర్దుబాటే నాకు కంటగింపైంది.

భోజనాల బల్ల దగ్గర అందరం ఉన్నాం. మా అమ్మాయి అడిగింది.

“అమ్మా, నాన్న సంవత్సరీకం ఎప్పుడొచ్చింది? లీవ్ పెట్టుకోవాలి.”

“శనివారం. లీవ్ అక్కర్లేదు.”

చిన్ని చెంచా ప్లేట్లో పడింది. “సాటర్డేనా? అమ్మమ్మా, సాటర్డే కాన్సర్ట్ కదా!”

“అయితే?”

“మార్నింగ్ పూజ చేసేసుకుని ఈవెనింగ్ వెళ్తాను. మికా వాళ్ళ మామ్ డ్రైవ్ చేస్తానంది.”

“తాత తద్దినం పూట గంతులెయ్యడానికా? ఏడాది తిరిగే రోజున?”

మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. “సరిగ్గా చూశావా అమ్మా? ఇక్కడి పంచాంగమేగా?”

“ఇక్కడిదే. నా చేత ఎప్పుడైనా తేదీ తప్పిందా?”

అల్లుడు నవ్వాడు. “సూర్యుడైనా లేటుగా వస్తాడేమో గానీ అత్తయ్యగారి తేదీ తప్పదు. ఊరుకో.”

ఆ పిల్ల కాసేపు పెరుగన్నంలో గీతలు గీసింది. తర్వాత తల్లితో అంది: “ఇట్స్ ఓకే, మామ్. తాతయ్య ఫస్ట్. కాన్సర్ట్ మళ్ళీ వస్తుందిలే.”

మళ్ళీ రాకపోవచ్చని దానికి తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో అది ఏడ్చి, తలుపు విసిరికొట్టి పోయుంటే, నా కోపానికి ఒక ఆసరా దొరికేది. అలా చేయలేదు. లేచి తన ప్లేటుతోపాటు నా ప్లేటు కూడా కడిగింది. దాని మంచితనం మీద కూడా నాకు కోపం వచ్చింది. ఇంతకన్నా నీచమైన కోపం ఉంటుందా?

శుక్రవారం వచ్చింది. అదే ఆయన తిథి అని ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కనీసం ఉపవాసం ఉన్నానా? లేదు. అనుమానం రాకూడదని పొద్దున్నే అందరితోపాటు కూర్చుని ఇడ్లీలు తిన్నాను. చట్నీ మరికాస్త వేయించుకున్నాను కూడా. ఆయన పేరు చెప్పి ఒక్క నీటిచుక్క వదలలేదు. ఆయన తన తల్లిదండ్రులకు ఏ సూర్యుడి లెక్కన పెట్టారో ఆ లెక్కన, ఆయనకే, మొట్టమొదటి ఏడాదే, పస్తు.

మాకు మగపిల్లలు లేరు. శనివారం అల్లుడి చేత కార్యం చేయించారు. పురోహితుడికి నేను ముందే ఫోన్ చేసి, మాకు ఇండియా లెక్కే అని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “అలాగేనమ్మా” అన్నాడు. మావారి అమ్మగారి తద్దినం రెండేళ్ళు ఆయనే పెట్టించాడు. ఏ లెక్కో ఆయనకు గుర్తుండదా? మరుసటి ఏడాది నేను మళ్ళీ పాత పద్ధతిలో తేదీ చెబితే, “ఈసారి ఇక్కడి లెక్కేనామ్మా?” అని మాత్రం అడిగాడు. వెటకారం లేదు. నా చెవులకే ఉంది.

ఆ శనివారం చిన్ని తల్లి పక్కన నిలబడి గారెలు తట్టింది. మధ్యాహ్నం మికా వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్ని తన వెలుగు కర్ర తెచ్చి దాని చేతిలో పెట్టింది. పిడి మీద ఒక తెల్లటి పట్టీ అంటించి ఉంది. ఇంగ్లీషులో మావారి పేరు. ఆయన రాలేని కచేరీలో ఆయన పేరైనా ఊగాలని ఆ పిల్ల ఎప్పుడో అనుకుని ఉంచుకుందన్నమాట. నేను హాల్లో కూర్చుని చూస్తున్నాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు. కార్యం అయిపోయింది, తేదీ నిన్నటిది, నువ్వు పోవే తల్లీ, కారెక్కు అని ఒక్క మాట. కారు ఇంజను ఆపలేదు కూడా, బయట అలా నడుస్తూనే ఉంది. నేను లేచి తలుపు వేశాను. చలి వస్తోందన్నాను.

ఎందుకు చేశాను? చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. ఆ బృందంలో ఒక కుర్రాడి పుట్టినరోజుకి ఈ పిల్లలు బబుల్ టీ దుకాణంలో వేడుక చేశారు. కప్పుల చుట్టూ చుట్టే కాగితాల మీద వాడి మొహం అచ్చు వేయించి అందరికీ పంచారు. ఆ వారంలోనే మావారి పుట్టినరోజు. ఇంట్లో నాకు తప్ప ఒక్కరికీ గుర్తులేదు. కొరియా అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లకి తెలుగులో తన పేరు రాయడం రాదు. ఇవన్నీ నిజాలే. ఒక్కటీ కారణం కాదు.

కారణం ఆయన నవ్వు. ఆ చివరి ఏడాది నాతో మాట్లాడిందల్లా మాత్రల గురించి. తెల్లదా, పసుపుదా, తిన్నాకా, ముందా. ఊపిరి అందని మనిషి ఉన్న కాస్త ఊపిరీ కూడగట్టుకుని ఎవరో పరాయి కుర్రాళ్ళ పేర్లు అరిచేవారు, మనవరాలి కోసం. నా పేరు అన్నేళ్ళలో ఒక్కసారి గట్టిగా పిలిచి ఎరగరు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. నన్ను కూడా రమ్మని ఎవరూ అనలేదు. పిలిస్తే వెళ్ళేదాన్నా? వెళ్ళేదాన్ని కాను. మూతి ముడుచుకునేదాన్ని. అయినా పిలవలేదని కోపం. పదిహేనేళ్ళ పిల్ల మీద, చచ్చిపోయిన మొగుడి మీద, ఒకే దెబ్బకి కక్ష తీర్చుకున్నాను. నా చేతిలో ఉన్నది తేదీ ఒక్కటే. దాన్నే విసిరాను.

మరుసటి వసంతంలో ఆ కచేరీల పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ తెచ్చారు. స్టూడియోలో పాడినవి కావు, ఆయా ఊళ్ళ వేదికల మీద రికార్డు చేసినవి. టొరంటోది ఒక పాట ఉంది. చిన్ని దాన్ని కార్లో పెట్టింది. నేను వెనక సీట్లో ఉన్నాను. పేర్లు అరిచే చోటు వచ్చింది. అన్ని వేల గొంతులూ ఒకే గొంతులా ఉన్నాయి. చిన్ని కూడా గొంతు కలుపుతుందనుకున్నాను. కలపలేదు. అయిపోయాక తల్లితో అంది:

“అందరూ పర్ఫెక్ట్‌గా చేశారు మామ్. తాతయ్య ఉండి ఉంటే థర్డ్ నేమ్ దగ్గర లేట్ అయ్యేవాడు కదా? నేను కూడా లేట్‌గా అరుద్దామనుకున్నా. తాతయ్య కోసం. రికార్డ్ అయ్యేది కదా, ఫరెవర్ ఉండేది.”

ఆ ఆల్బమ్ వచ్చిన అట్ట పెట్టె ఇప్పటికీ ఆయన ఫొటో పక్కన ఉంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పాట పెట్టుకుంటాను. మూడో పేరు దగ్గర చెవి రిక్కించి వింటాను. వెనకబడిన గొంతు ఒక్కటీ లేదు. ఉండనివ్వలేదు కదా నేను.

ఇప్పుడు చిన్ని ఇక్కడికి దూరంగా రెజైనా అనే ఊళ్ళో చదువుకుంటోంది. ఏటా ముందుగా నాకు ఫోన్ చేసి తాతయ్య తిథి ఎప్పుడో అడుగుతుంది. ఆ రోజు అక్కడ మాంసం ముట్టదు. ఈసారి ఫోన్లో దాని గొంతు ఎగురుతోంది.

“అమ్మమ్మా! దే ఆర్ బ్యాక్! అందరూ ఆర్మీ నుంచి వచ్చేశారు. టొరంటో షో సండే. టికెట్ బుక్ చేసేముందు నీ డేట్ చెప్పు. తాతయ్య డే అయితే బుక్ చేయను.”

చూసి చెబుతానన్నాను. చూడనక్కర్లేదు, నాకు తెలుసు. ఈ ఏడు తిథి బుధవారం. అడ్డు లేదు. బుధవారమే, వెళ్ళు అంటే సరిపోతుంది. అది ఎగిరి గంతేస్తుంది, నన్ను ముద్దు చేస్తుంది. నా అబద్ధం నాతోపాటు పోతుంది.

అందుకే కూర్చుని ఇదంతా రాశాను. రాస్తూ రాస్తూ సగంలో నాకు తట్టింది. దీన్ని తెలుగులో రాస్తున్నాను. అది తెలుగు చదవలేదు. ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు, ఒక్క దానికి తప్ప. ఒప్పుకోవడంలో కూడా ఎంత జిత్తులమారితనమో చూశారా? దానికి మా అక్షరాలు రావని ఎన్నాళ్ళు సాధించానో, చివరికి ఆ అక్షరాల చాటునే దాక్కున్నాను.

కాగితం పక్కన పెట్టి ఫోన్ చేశాను. నోటితోనే చెప్పాను. ఈ ఏడు బుధవారం, కచేరీకి వెళ్ళు అన్నాను. ఆ ఏడు శుక్రవారమే, శనివారం కాదు, తెలిసే చెప్పాను అన్నాను. పొరపాటు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అటునుంచి ఊపిరి వినిపించింది. తర్వాత, “ఐ విల్ కాల్ యూ బ్యాక్, అమ్మమ్మా” అంది. అంతే.

ఇంకా చేయలేదు. ఎన్ని రోజులైందో నాకు తెలుసు. ఇక్కడ రాయను. టికెట్ కొందో లేదో నేను అడగను, అడిగే హక్కు నాకు లేదు. మా అమ్మాయికి కూడా చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడి, మూడో రోజు మాట్లాడటం మానేసింది. న్యాయమే.

ఇన్నాళ్ళూ ఆయన పోయిన రోజుకి నా దగ్గర రెండు తేదీలు ఉండేవి. పైకి చెప్పేది ఒకటి, లోపల ఉండేది ఒకటి. ఇప్పుడు ఒకటే ఉంది. నిన్న అన్నం తింటుంటే పంటికింద రాయి తగల్లేదు. కూర మాత్రం చప్పగా ఉంది.